మూడు దినాల సెలవు

నా చేతికింద పనిచేసేవాళ్ళు ఎవరైనా సెలవడిగితే నేను ఎందుకని అడగను. ఎన్ని రోజులని మాత్రం అడుగుతాను. మూడంటే నాలుగు తీసుకోమంటాను. దీనివల్ల ఊళ్ళో నాకు మెతకవాడని పేరొచ్చింది. ఆ మాట వింటే మా ఇంట్లోవాళ్ళకి నవ్వొస్తుంది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేసి లేచిపోయిన రోజులున్నాయి. ఒక్క సెలవు దగ్గర మాత్రం కాదనడానికి నాకు నోరు పెగలదు.

అరకు కొండ దిగి వచ్చాక నేను గోగునార గోదాము పెట్టుకుని బతికాను. ఇప్పుడది మా అల్లుడు చూసుకుంటున్నాడు. మొన్న నార కట్టలు కట్టేవాడొకడు చెల్లెలి ఊరికి వెళ్ళొస్తానంటే అల్లుడు కుదరదన్నాడు. నేను అరుగుమీంచి లేచి వెళ్ళి, వీడి ఎదురుగానే వెళ్ళిరా పొమ్మన్నాను. అల్లుడికి మొహం చిన్నబోయింది. "అడిగినవాడికల్లా సెలవిచ్చుకుంటూ పోతే పనెలా సాగుతుంది మావయ్యా?" అన్నాడు. పని ఎలాగో సాగుతుంది నాయనా, పని ఎప్పుడూ ఆగలేదు అన్నాను. అంతకంటే చెప్పకుండా మళ్ళీ అరుగెక్కి కూర్చున్నాను. నోటితో చెప్పలేనిది కనుక రాస్తున్నాను.

నా పడుచుతనంలో అరకు కొండల్లో ఒక కాఫీ తోటలో రైటరుగా, అంటే కూలీల హాజరూ లెక్కలూ రాసే గుమాస్తాగా, ఉండేవాణ్ణి. అక్కడ ఒక కొండమనిషి నన్ను మూడు దినాల సెలవు అడిగాడు. ఆ మూడు దినాల మీద ఒక ఆరేళ్ళ పిల్ల తిండి ఆధారపడి ఉంది. నేను ఇవ్వలేదు. చెప్పవలసింది ఇంతే. కానీ ఇంతటితో ఆపితే తప్పించుకున్నట్టవుతుంది.

అప్పటికి కొండమీదికి రైలు లేదు. శృంగవరపుకోట దాటాక కొంత దూరం ఎడ్లబండి, ఆపైన నడక. మెట్రిక్ రెండుసార్లు తప్పి ఇంట్లో కూర్చుంటే మా మేనమామ ఎవరినో పట్టుకుని ఈ ఉద్యోగం వేయించాడు. మన్యం వెళ్ళినవాడు జ్వరం లేకుండా తిరిగిరాడని మా అమ్మ ఏడ్చింది. నాకు మాత్రం హుషారుగా ఉంది. తోట దొర పొడుగాటి మనిషి, కొంచెం చెవుడు. మొక్కలంటే ప్రాణం, మనుషులతో మాట్లాడాలంటే విసుగు. వెళ్ళిన వారానికే నన్ను పిలిచి, కూలీల రాకపోకల గొడవ నా దగ్గరికి తేవద్దు, నాట్ల కాలంలో అనవసరంగా ఎవరినీ వదలొద్దు, మిగతాది నువ్వే చూసుకో అన్నాడు. ఆ అనవసరమేదో అవసరమేదో తేల్చేవాణ్ణి నేనే అయ్యాను. ఇరవైరెండేళ్ళవాడికి అంత పెత్తనం ఇవ్వకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఆ తోటలో దేవుడు వరం సంగతే మర్చిపోయి గుడి తాళాలు పూజారికిచ్చేశాడు.

ఆ తోటలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, నేను వెళ్ళేసరికే ఉంది. పనిలో చేరిన ప్రతి మగవాడూ తన టంగిని రైటరు గదిలో పెట్టాలి. టంగి అంటే కొండవాళ్ళు భుజాన వేసుకు తిరిగే చిన్న గొడ్డలి. అది లేకుండా వాళ్ళు అడవిదారి పట్టరు. ఎలుగు ఉంది, పులి ఉంది, దారికి అడ్డం పడిన చెట్లున్నాయి. సెలవిస్తే టంగి చేతికిస్తాం. ఇవ్వకపోతే మనిషి తోటలోనే ఉంటాడు. తలుపులూ తాళాలూ అక్కర్లేదు. నా గదిలో ఒక మూలంతా టంగులే ఉండేవి. పొద్దున్న లేస్తే నాకు మొదట కనిపించేవి అవే.

నేను చెప్పే మనిషి టంగి వాటన్నిటిలోనూ సులువుగా గుర్తుపట్టొచ్చు. దాని పిడి చివర చిన్నచిన్న గాట్లు ఉండేవి. చేరిన రోజున ఇవేమిటని అడిగాను. "మా గుంట బాబు. పళ్ళొచ్చినప్పుడు కొరికీసినాది" అన్నాడు. గుంటంటే వాళ్ళ మాటలో కూతురు. ఆ గాట్లమీద బొటనవేలితో ఒకసారి రాసి, టంగి నాకిచ్చాడు.

అతనిది తోటకి ఒక పగలు నడక దూరంలో, రెండు కొండల అవతల పల్లె. ముప్పై ఏళ్ళుంటాయేమో. నోట్లో నాలుక లేదు. గోతులు తవ్వడంలో, నారు విరగకుండా పాతడంలో అతని తరవాతే ఎవరైనా. నా మొదటి చలికాలంలో నాకు జ్వరం పట్టుకుంది. ఒళ్ళు తెలీకుండా పడి ఉంటే మూడు రోజులు అతనే పక్కన కూర్చుని గంజి తాగించాడట. నాకు కాస్త తెలివొచ్చాక దొర గుమ్మంలోంచి తొంగిచూసి, ఇంటికి పో, నెలరోజులు పడుకో, నీ ఉద్యోగానికి ఢోకా లేదు అన్నాడు. నన్ను డోలీలో వేసి నలుగురు మనుషులు ఘాటీ దించారు. ఆ నలుగురిలో అతనొకడు. అంటే నా సెలవుకి నన్ను భుజాన మోసుకుపోయినవాడు. ఆ నెలంతా అమ్మ చేతి చారూ అన్నం తిని కోలుకున్నాను. నేను లేని నెలలో తోట కొట్టుకుపోలేదు. అప్పుడైనా నా బుర్రకి ఎక్కవలసింది, ఎక్కలేదు.

ఎండాకాలంలో ఒక సంతనాడు అతని పెళ్ళాం, పిల్లా వచ్చారు. హఠాత్తుగా వాన కురిస్తే జనం చెట్లకిందికి పరిగెత్తారు. ఆ పిల్ల మాత్రం తిన్నగా నా గొడుగుకిందికి వచ్చి నిలబడింది. నేను కదిలితే తనూ కదిలింది. కాసేపు నన్ను పైనించి కిందికి చూసి, "నీకు ఇల్లు నేదేటి?" అంది.

"ఉంది."

"అమ్మ ఉన్నాదా?"

"ఉంది."

"మరి ఇక్కడేటి సేత్తన్నావు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మొక్కలకి కాపలా కాస్తున్నానన్నాను. "మొక్కలెక్కడికి పోతాయి?" అంది ఆ పిల్ల.  నేనూ నవ్వేశాను. వాళ్ళమ్మ సిగ్గుపడి దాన్ని లాక్కుపోతుంటే, నా గొడుగు వంకే చూస్తూ వెళ్ళింది.

కొండమీద ఆకలి వానలతోనే వస్తుంది. ఆషాఢం వచ్చేసరికి ఇంట్లో పాత గింజలైపోతాయి. కొత్త సామలు చేతికొచ్చేది భాద్రపదంలో. ఆ మధ్యలో బతుకు అడవిదుంపల మీదా, మామిడిటెంకల మీదా సాగుతుంది. వేసవిలో తిన్న పళ్ళ టెంకలు దాచి, లోపలి జీడి తీసి, చేదు పోయేదాకా వాగునీళ్ళలో నానబెట్టి, పొయ్యిమీది అటకమీద ఆరబెట్టి పిండి చేసుకుంటారు. దాన్ని అంబలి కాచుకు తాగుతారు. నేనూ ఒకసారి రుచి చూశాను. మింగుడుపడలేదు. సరిగ్గా ఆరినదైతే ప్రాణం నిలబెడుతుంది. ముసురుకి చెమ్మెక్కి బూజు పట్టిందంటే తీసేస్తుంది.

సామలు కోతకొచ్చినా వెంటనే తినరు. ముందు కొత్త పండగ చెయ్యాలి. దినం చూసి చెప్పేవాణ్ణి దిసారి అంటారు. అతను నక్షత్రం చూసి ఫలానా రోజని చెబుతాడు. ఆ రోజున ప్రతి ఇంటి మగవాడూ కొత్తకుండలో కొత్త గింజలు వండి, పోయిన తన పెద్దలకి పెడతాడు. పెద్దలు తిన్నాకే ఇంట్లోవాళ్ళు తినాలి. పెట్టేవాడు ఆ వంశంవాడే కావాలి. పెళ్ళాం వేరే వంశం పిల్ల కనుక ఆమె చెయ్యి పనికిరాదు. అన్నదమ్ములున్న ఇంట్లో ఒకడు లేకపోతే ఇంకొకడు పెడతాడు. నేను చెప్పే మనిషికి తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు, కొడుకు లేడు. అతను వెళ్ళి పెడితేనే ఆ ఇంట్లో కొత్త. ఇదంతా నాకు తరవాత తెలిసిందని రాసుకుంటే ఎంత బావుణ్ణు. అప్పుడే తెలుసు. అతనే చెప్పాడు.

ఆ రోజు వాన దంచుతోంది. కూలీలు గొంగళ్ళు కప్పుకుని నారుబుట్టలకోసం వరసలో నిలబడ్డారు. అతను వరసలోంచి పక్కకొచ్చి నా అరుగు దగ్గర నిలబడ్డాడు.

"బాబు, మూడు దినాలు ఊరెల్లొత్తాను."

"ఎందుకు?"

"సామ కొత్త. దిసారి దినం సూసినాడంట. లచ్చివారం. ఎల్లడానికోనాడు, పండగోనాడు, రావడానికోనాడు."

"మొన్నేదో పండగన్నారు, ఇప్పుడు ఇదొకటా? మీకు ఆకు కదిలితే పండగేనా? ముందే చెప్పొద్దూ?"

"దిసారి ఇప్పుడే సెప్పినాడు బాబు. ముందెలాగ తెలుస్తాది?"

నారు మడుల్లోంచి తీసేశాం. రెండు వారాల్లో పాతకపోతే ఎండిపోతుందని దొర రోజుకి రెండుసార్లు వచ్చి చూసుకుంటున్నాడు. నాట్లయ్యాక వెళ్ళు, మూడు కాదు పది రోజులుండు అన్నాను. పెద్ద ఉదారంగా చెప్పాననుకున్నాను.

అతను కదల్లేదు. "నాను పెడితే గాని ఇంట్లో ఎవులూ తినరు బాబు. టెంకలు కూడా అడుక్కొచ్చీసినాయంట" అన్నాడు.

"సామలు కోశారా?"

"కోసీసినారు. ఇంట్లోనే ఉన్నాయి."

"గింజలు ఇంట్లో పెట్టుకుని ఆకలంటావేమిటోయ్? తినమను."

"తినకూడదు బాబు."

అయ్యవారొచ్చేదాకా అమావాస్య ఆగుతుందా అంటారు, మీ కొత్త మాత్రం నువ్వొచ్చేదాకా ఆగుతుందిలే అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. పక్కనున్న మేస్త్రీ నవ్వాడు. అతను వరసలోకి వెళ్ళి బుట్ట ఎత్తుకున్నాడు. చెప్పకుండా పారిపోలేదు. టంగి నా గదిలో ఉంది.

నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. అందుకని ఒక ఉపాయం చేశాను. అతని పల్లెనుంచి సంతకొచ్చే ఒక ముసలమ్మని పిలిచి, ఫలానా వాళ్ళింట్లో చెప్పు, అతను వచ్చేదాకా ఆగక్కర్లేదు, రైటరు బాబు తినమన్నాడని చెప్పు అన్నాను. అది విని ఆవిడ నా మొహంలోకి చూసింది. అలాగే అంది. నేను నిజంగానే ఒక మంచిపని చేశాననుకుని వెళ్ళి పడుకున్నాను. వాళ్ళ పోయినవాళ్ళ తరపున కాఫీతోట రైటరు అనుమతి ఇచ్చాడన్నమాట. ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

లక్ష్మివారం వచ్చింది, పోయింది. ఆ ఊరివాళ్ళందరూ కొత్త తిన్నారు, ఆ ఒక్క ఇల్లు తప్ప.

మొదట అడిగిన పదిరోజులకి అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి పనివేళ అయ్యాక, ఒక్కడే. "బాబు, మా గుంటకి టెంకలంబలి ఇమడ్డం నేదంట. సంతకొచ్చినోలు సెప్పినారు. ఎల్లి పెట్టీసి ఒచ్చీత్తాను" అన్నాడు.

నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకో కారణముంది. అంతకుముందు ఒకడు తల్లి చచ్చిపోయిందని సెలవు తీసుకున్నాడు, నాలుగు నెలలకి మళ్ళీ తల్లి చచ్చిపోయిందన్నాడు. వాణ్ణి నేను చెడామడా తిట్టాను. ఈ సంగతి తరవాత ఏళ్ళతరబడి ఆలోచించాను. చావుకీ పురుటికీ తప్ప సెలవివ్వనని నియమం పెట్టింది నేను. మరి ఇల్లు చూసుకోవాలనిపించినవాడు ఏం చేస్తాడు? ఇంట్లోవాళ్ళని నోటితో చంపుకోవాలి. అబద్ధాలు వాళ్ళకి నేర్పింది నేను. నేర్పి, అబద్ధాలకోరులని పేరూ నేనే పెట్టాను.

ఈ మనిషికి ఆ విద్య రాలేదు. అతని పక్క పాకవాళ్ళు, గుంట సచ్చిపోయిందని చెప్పు, రైటరు వదిలేస్తాడని సలహా ఇచ్చారట. ఇంటోళ్ళ మీద ఆ మాట అనకూడదన్నాడట. పోనీ తల్లి పేరు చెప్పమంటే, ఆమె పోయి ఏడేళ్ళయిందన్నాడట. ఉన్న నిజమే తెచ్చి నాముందు పెట్టాడు. అబద్ధమాడి ఉంటే ఆ రోజే టంగి చేతికిచ్చి పంపేవాణ్ణి.

"ఇంకో నాలుగు రోజుల్లో నాట్లయిపోతాయి. అప్పుడు ఎలాగూ వెళ్తావు కదా" అన్నాను.

"నాలుగు దినాలా" అన్నాడు. అడగడం కాదు, తనలో తను అనుకోవడం. తలూపి వెళ్ళిపోయాడు. ఆ మర్నాటినుంచీ అతను రెండింతల పని చేస్తున్నాడని మేస్త్రీ చెప్పాడు. చూశావా, మందలిస్తే దారికొస్తారని నేను మేస్త్రీతో అన్నాను. బేగి అయిపోతే బేగి వెళ్ళొచ్చని అతను తవ్వుకుపోతున్నాడని నాకు తట్టలేదు.

మూడోనాటి మిట్టమధ్యాహ్నం ఆ పల్లెనుంచి ఒకతను తడుస్తూ వచ్చాడు. నా దగ్గరికి రాలేదు. తిన్నగా నాటుతున్నచోటికి వెళ్ళాడు. నేను అరుగుమీంచి చూస్తూనే ఉన్నాను. వచ్చినతను ఏదో చెప్పాడు. ఇతను చేతిలో ఉన్న మొక్కని గోతిలో పెట్టి, చుట్టూ మట్టి అదిమి, అప్పుడు లేచాడు. దగ్గరికొచ్చి, "బాబు, గుంట పోనాదంట. టంగి ఇయ్యి" అన్నాడు.

గదిలోకి వెళ్ళాను. అన్ని టంగుల్లో అది చేతికి అందడానికి నాకు చాలాసేపు పట్టింది. కళ్ళు కనపడలేదు. పిడి పట్టుకుంటే ఆ పంటిగాట్లు చేతికి తగిలాయి.

దొర దగ్గరికి పరిగెత్తి, నేనూ వెళ్తానన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అంతా విన్నాడు. విని, "మూడు రోజులే కదా అడిగింది, పంపకపోయావా? ఒక్క మనిషి లేకపోతే ఏం మునిగిపోయేది?" అన్నాడు.  ఎంత సులువుగా అన్నాడు! వదలొద్దన్నవాడు ఆయన, వదలనివాణ్ణి నేను. ఆయన మాట మర్చిపోయాడు, నేను గుర్తుపెట్టుకున్నాను. ఇందులో ఎవరి పాపం ఎంతో తేల్చుకోవడం నావల్ల కాలేదు. తేల్చుకున్నా నా వాటా తగ్గదు.

దారంతా అతనే నన్ను నడిపించాడు. ముందు నడుస్తూ, నాకు అడ్డమొచ్చిన కొమ్మలు టంగితో నరికి దారి చేశాడు. జారేచోట ఆగి చెయ్యి అందించాడు. నన్నొదిలేసి పరిగెత్తి ఉంటే రెండు ఘడియలు ముందు చేరేవాడు. అందుకూ నేనే అడ్డమయ్యాను. మేం వెళ్ళేసరికి పిల్లని మట్టిలో పెట్టేశారు. వానలో ఇంకా ఉంచలేమన్నారు. తండ్రి ఆఖరిచూపు చూడలేదు.

ఇల్లంటే ఒకటే గది. పొయ్యిమీది అటకమీద ఒక గంప, దానిమీద అడ్డాకులు కప్పి, రాయి పెట్టి ఉంది. అందులో కొత్త సామలున్నాయి. కింద, మూల, కుండలో టెంకలపిండి ఇంకా మిగిలి ఉంది, బూజు వాసనేస్తోంది. రెంటికీ మధ్య ఒక మనిషి ఎత్తు దూరం. ఆ పిల్ల అక్కడ, ఆ గంపకింద పడుకునే పోయింది.

వాళ్ళమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "తినమన్నావంట బాబు, సెప్పినారు" అంది. "నువ్వు మంచికే అనుంటావు. మా పెద్దలకి నువ్వేటవుతావు?"

ఆమె పైనున్న గంప వంక చూసింది.

"నాను ఓర్సుకోనేక ఓ గుప్పెడు దంచి వండీసినాను బాబు. పెద్దలు నన్నేటి సేసినా సెయ్యనీ అనుకున్నాను. గుంట తిన్నేదు. అయ్య పెట్టకుండా తింటే అయ్యకి పాపం సుట్టుకుంటాదన్నాది. దారి మలుపుకాడికెల్లి కూకునేది, ఒత్తన్నాడేటో అని." మళ్ళీ నావైపు తిరిగి అడిగింది. "మూడు దినాలు ఈడు నేకపోతే మీ మొక్కలు సచ్చిపోతాయేటి?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. కూతురిలాగే అడిగింది. నేను అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. చావవు. ఆ పదమూడు రోజుల్లో ఆదరాబాదరాగా నాటిన నేలముక్కలో మొక్కలు ఎన్నో మరుసటి వేసవికి మాడిపోయాయి. మళ్ళీ నాటాం. మొక్కని మళ్ళీ నాటుకోవచ్చు.

నెలరోజులుండమని అతనికి చెప్పి నేను తిరిగొచ్చేశాను. రాగానే నా గదిలో టంగులన్నీ తీసి ఎవరివి వాళ్ళకిచ్చేశాను. మేస్త్రీ లబలబలాడాడు, తెల్లారేసరికి ఒక్కడూ ఉండడన్నాడు. ఒక్కడూ పోలేదు. మరుసటేడు కొత్త పండగ రోజులు రాగానే, దొర చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాను, మగవాళ్ళందరికీ దిసారి చెప్పినప్పుడు మూడు దినాలు సెలవని. ఆయన ఔనన్నాడో కాదన్నాడో నేను ఆగి వినలేదు. నాట్లు వారం ఆలస్యమయ్యాయి. వెళ్ళినవాళ్ళు తిని, పడుకుని, నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఏ మొక్కా చావలేదు. ఇదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకు తెలుసు. అయినా ఆకులు పట్టుకోకుండా ఉండలేకపోయాను. గోదాములో నేనిచ్చే సెలవులూ ఆ ఆకులే.

అతను తిరిగొచ్చిన రోజు సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నెలుండమంటే పదకొండోనాటికే వచ్చాడు. పెళ్ళాన్ని కూడా తెచ్చాడు. మైల తీరాక కొత్త పెట్టేసి బయల్దేరారట. ఆమె దూరంగా పాకల దగ్గర మూట దించుకుంటోంది. అతను నా అరుగు దగ్గరికి వచ్చి గొంగడిలోంచి ఒక అడ్డాకు పొట్లం తీసి నా ముందు పెట్టాడు.

"ఏమిటిది?"

"కొత్త, బాబు. గుంట వాటా."

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. ఆ ఏడు ఇంట్లోంచి పోయినవాళ్ళకి కూడా కొత్తనాడు వాటా తీస్తారు. దాన్ని పారేయకూడదు. ఇంట్లోవాళ్ళు తినకూడదు. బయటివాళ్ళెవరికైనా పెట్టాలి.

"మీ ఊళ్ళో ఎవరూ లేకపోయారా?" అన్నాను. 

"ఉన్నారు. మా ఆడది నీకే ఇమ్మన్నాది. నీకు ఇల్లు దూరం గదా, నీకు కొత్త ఎవులు పెడతారన్నాది."

పొట్లం విప్పాను. ఉడికించిన సామలు, చల్లారి ముద్దైపోయాయి. పెద్దవాళ్ళకైతే రెండు ముద్దలు కూడా కాదు. ఆరేళ్ళ పిల్లకి సరిపోయేంత. అతను చూస్తూ నిలబడ్డాడు. నేను ఏడుస్తూ తిన్నాను, ఒక్క గింజ మిగల్చకుండా. తినేదాకా ఆగి, ఆకు నా చేతిలోంచి తీసుకుని మడిచాడు. తరవాత భుజాన ఉన్న టంగి తీసి, ఎప్పటిలాగే గది మూల పెట్టడానికి గుమ్మంలోకి వచ్చాడు. అక్కడ ఒక్క టంగి కూడా లేకపోవడం చూసి ఆగాడు.

"ఇక్కడ పెట్టక్కర్లేదోయ్. అందరివీ ఇచ్చేశాను. ఇంక నీ దగ్గరే ఉంచుకో. ఎప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు వెళ్ళు" అన్నాను.

"ఇంకెక్కడికెల్లాల బాబు?" అన్నాడు. టంగిని ఆ ఖాళీ మూలలో గోడకి ఆనించి, పార తీసుకుని పనిలోకి వెళ్ళిపోయాడు.